తోపులోని గాలి



మీలో వ్యవసాయము చేసినవారెల్లరు ఒక సంగతి నెరుగుదురు. ఈదురుగాలి వీచునప్పుడు మట్టిగోడ చాటున నిలిచినవానికి గోడ నానుకొని యున్నంతవరకు సుఖముగనే యుండును. పది బారలు ఇవతలికి వచ్చినచో గాలి సుడులు తిరిగి దుమ్మును, పైపంచెను గూడ ఎగురగొట్టును. ముళ్ళకంచె చాటున నిలిచినవానికి కంచె ప్రక్కనే గాలి కొంచెము తగులుచుండును. కాని ఎంత దూరము నడిచినను ఆ తాకుడు మెత్తగనే యుండును. నా చిన్ననాట మా యూర ఒక ఆసామి అరటితోటకు పడమటి వైపున రెండు నిలువుల మట్టిగోడ పెట్టించెను. ఖర్చు చాల అయినది. గోడ దాపున నున్న రెండు వరుసలు తప్ప తక్కిన తోటలో ఆకులన్నియు పీలికలైనవి. ప్రక్కతోటవాడు గట్టు మీద అవిసెచెట్లు వరుసగా వేసికొనెను. వాని అరటియాకులు విస్తళ్ళకు పనికివచ్చెను. ఊరివారు దానిని వాని యదృష్ట మనిరి. అది యదృష్టము కాదని నాకు తెలియుటకు చాల యేండ్లు పట్టినది.

గాలికి చెట్టు అడ్డమనుట పసివారెరిగిన మాట. అయినను చెట్టు గాలి నేమి చేయును, గాలి చెట్టు నేమి చేయును అను రెండు ప్రశ్నలకు నిలుకడయైన సమాధానము లభించుటకు లోకమునకు ఇంచుమించు రెండువందల యేండ్లు పట్టినది. ఆ చరిత్రలో శాస్త్రజ్ఞులతో పాటు వలస రైతులు, ఒక దేశాధ్యక్షుడు, ఒక నియంత గూడ కనబడుదురు. ఈ సాయంకాలము ఆ చరిత్రను మీకు వినిపింప దలచితిని.

మొదట రెండవ ప్రశ్నతో ప్రారంభింతును, ఏలయన అది ముందుగా తేలినది. ఇంగ్లండు దేశమున థామస్ ఆండ్రూ నైట్ అను తోటల పెద్దమనుష్యుడు 1803వ సంవత్సరమున ఒక చిన్న పరీక్షను ప్రకటించెను. అతడు లేత ఆపిలు చెట్లను కొన్నిటిని గాలికి ఊగకుండ కట్టివేసెను, కొన్నిటిని యథేచ్ఛగా ఊగనిచ్చెను. ఒకదానిని మాత్రము ఉత్తర దక్షిణములకే ఊగునట్లు బంధించెను. ఊగిన చెట్ల బోదెలు లావెక్కెను; కట్టువడినవి సన్నముగ నిలిచిపోయెను. ఉత్తర దక్షిణములకు మాత్రమే ఊగిన చెట్టు బోదె గుండ్రముగ గాక, తాను ఊగిన దిక్కునకే కోలగా పెరిగెను. ఖరీదైన సాధనము లేవియు లేక, త్రాళ్ళతోను ఓపికతోను సాధించిన పరీక్ష యిది. చెట్టు గాలిని ఊరక భరించుట లేదనియు, గాలి చెప్పినట్లు తన దేహమును కట్టుకొనుచున్నదనియు దీనివలన తెలియవచ్చెను. తొంబదేండ్లకు, 1893లో, జర్మనీలో మెట్స్గర్ అను అటవీశాస్త్రజ్ఞుడు ఈ భావమునే లెక్కలలోనికి దింపి, బోదె మొదట లావుగను పైకి పోను పోను సన్నముగను ఉండుట గాలి ఒత్తిడిని ఎల్లచోట్ల సమానముగ ఓర్చుకొనుటకే యని చెప్పెను.

దీనినుండి అడవులవారికి అక్కరకు వచ్చు సంగతి యొకటి యున్నది. ఒత్తుగా పెరిగిన తోపు నడుమనున్న చెట్టు, ఇరుగుపొరుగు చెట్ల చాటున బ్రతికినది గాన, సన్నముగ పొడవుగ పెరుగును. అంచుననున్న చెట్టు గాలి దెబ్బలు తిని బలిసియుండును. అంచును నరికివేసి నడిమిచెట్లను ఒక్కసారిగా గాలికి అప్పగించినచో, చిన్న గాలివానకే అవి వరుసగ కూలును. మధ్య యూరపు అడవులవారు 19వ శతాబ్దమున దీనిని గ్రహించి, గాలి వచ్చు వైపు అంచును కడపటి వరకు నిలిపి, గాలి పోవు వైపునుండి గాలికి ఎదురుగా నరకుచు వచ్చు క్రమము నేర్పరచుకొనిరి.

ఇక మొదటి ప్రశ్న. చెట్టు గాలి నేమి చేయును? దీనిని లోకమునకు నేర్పినది అడవులున్న దేశము కాదు, చెట్టన్నది లేని బయలు. నల్లసముద్రమునకు ఉత్తరమున స్టెప్పీ యనబడు గడ్డిమైదానములు కలవు. నేల నల్లరేగడి, పంట బంగారము. కాని వేసవిలో తూర్పునుండి వచ్చు పొడిగాలి పొట్టమీది పైరును ఎండగట్టును; చలికాలమున మంచును ఊడ్చుకొనిపోయి నేలను బోసిగ చేయును. అక్కడ లోమికోవ్‌స్కీ యను భూస్వామి 19వ శతాబ్దారంభముననే తన పొలముల నడుమ చెట్లవరుసలు నాటించెను. 1830 ప్రాంతమున యోహాన్ కోర్నీస్ అను పెద్ద, జర్మను భాష మాట్లాడు మెనొనైటు రైతుల పల్లెలలో ప్రతి కాపువాడును చెట్లు పెట్టితీరవలెనను కట్టుబాటు చేసెను. ఆయన కట్టుబాటులు కొంత కఠినమైనవే. చెట్లు మాత్రము పెరిగినవి.

1891లో ఆ దేశమున వర్షములు తప్పి మహాక్షామము వచ్చెను. లక్షలకొలది జనులు మరణించిరి. మరుసటి యేడు నేలల శాస్త్రమునకు ఆద్యుడగు వసీలీ దోకుచాయెవ్ ప్రభుత్వ అటవీశాఖ పక్షమున మైదానములకు పోయి, వొరోనెజ్ ప్రాంతమున కామెన్నయా స్టెప్పీ యనుచోట చెట్ల పట్టీలు వేయించెను. పొలములకు నాలుగు వైపుల చెట్లవరుసలు, పల్లములలో చెరువులు, గండ్లలో పొదలు: ఇది ఆయన ఏర్పాటు. ఆ పట్టీలు నేటికిని నిలిచియున్నవి. దోకుచాయెవ్ వానలు తెప్పింతునని చెప్పలేదు. కురిసిన చినుకును, పడిన మంచును గాలి ఎత్తుకొనిపోకుండ నిలుపుదుననెను. వీనికి గల భేదము ఎంత ముఖ్యమో ఇక ముందు మీకు తెలియగలదు.

1870 తరువాత ఆ మెనొనైటు రైతులలో వేలమంది అమెరికాకు వలసపోయిరి. వారు కాన్సస్, నెబ్రాస్కా మైదానములలో దిగి, వెంట తెచ్చిన గోధుమ విత్తనములతో పాటు గాలికి అడ్డముగ చెట్లు పెట్టు అలవాటును గూడ నాటిరి. కాని వారి చుట్టు వచ్చిచేరిన లక్షలాది ఇతరులకు ఆ యలవాటు లేదు. గోధుమకు ధర పెరిగిన రోజులలో వారు యంత్రపు నాగళ్ళతో గడ్డినేలను అంతటిని తిరగవేసిరి. 1930 తరువాత వరుసగా అనావృష్టి పట్టెను. గడ్డివేళ్ళు లేని నేల గాలికి లేచెను. 1934 మే నెలలో లేచిన ధూళిమేఘము తూర్పుతీరపు నగరములను దాటి అట్లాంటికు సముద్రములోని ఓడల మీదను పడినది. 1935 ఏప్రిల్ 14వ తేదీ ఆదివారమున వచ్చిన ధూళి పట్టపగలే చీకటి చేసెను. ఆ దినమును అక్కడివారు నల్ల ఆదివార మని చెప్పుకొందురు. పొలములు ఇసుకలో పూడినవి. ధూళి లోపల చేరి పసిపిల్లలు ఊపిరితిత్తుల జబ్బులతో మరణించిరి. లక్షలమంది ఇండ్లు విడిచి పడమటికి పోయిరి.

అప్పటి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు తన ఎస్టేటులో చెట్లు పెంచుట యందు మక్కువ గలవాడు. ఆయన 1934 జూలైలో ఒక ఉత్తరువు చేసెను. ఉత్తరమున కెనడా పొలిమేర నుండి దక్షిణమున టెక్సస్ వరకు, నూరుమైళ్ళ వెడల్పు గల ప్రదేశమున గాలికి అడ్డముగ చెట్ల పట్టీలు వేయవలెనని దాని తాత్పర్యము. దీని వెనుకనున్న శాస్త్రజ్ఞుడు రాఫేల్ జాన్. ఈతడు రష్యా దేశమున వోల్గా నది యొడ్డున పుట్టి, రాజకీయ కారణములచే పారిపోయి అమెరికా చేరినవాడు. దోకుచాయెవ్ పని ఎరిగినవాడు. చూడుడు, ఒక దేశపు క్షామము నేర్పిన విద్య ఇంకొక దేశపు క్షామమునకు ఎట్లు చేరినదో!

పథకమును గూర్చి హేళన మెండుగ జరిగెను. చెట్లు పెట్టి ఆకాశమును మార్చుదురా, వాన తెప్పింతురా అని పత్రికలు వెక్కిరించెను. అటవీశాస్త్రము చదివినవారిలోనే పలువురు ఇది వట్టి వేడుక యనిరి. కొంత తప్పు పథకమువారిదే. మొదట వారు చెప్పిన మాటలలో వాతావరణమును బాగుచేయుదుమను గొప్పలు దొరలెను. తరువాత జాగ్రత్త పడి, పొలము గాలికి కొట్టుకొనిపోకుండుట, ఇల్లు పశువులు చాటున నుండుట అను రెంటినే చెప్పిరి. 1935 మార్చి నెలలో ఓక్లహోమాలో మొదటి చెట్టు నాటబడెను. పనిలేని యువకులును కూలీలును నాటిరి. రైతులు దున్ని, కలుపు తీసి కాపాడిరి. 1942లో పని ముగియునాటికి ఆరు రాష్ట్రములలో, సుమారు 30,000 కమతములలో, 22 కోట్ల చెట్లు, వరుసగ నిలిపినచో 18,600 మైళ్ళ పొడవున నాటబడియుండెను. వాన తెప్పించినవా? లేదు. వాటి చాటున ధూళి లేవనిచ్చినవా? అదియు లేదు.

ఇక్కడ మా యూరి మట్టిగోడ మరల జ్ఞాపకమునకు వచ్చుచున్నది. చెట్లపట్టీ ఎంత దట్టముగ ఉండవలెను? ఎంత వెడల్పు? ఈ ప్రశ్నలకు మొదట ఎల్లరును ఒకే జవాబు చెప్పిరి: ఎంత దట్టమైన నంత మంచిది, ఎంత వెడల్పైన నంత మంచిది. వినుటకు ఇది న్యాయముగనే తోచును. కాని గాలికి మన న్యాయము పట్టదు.

అమెరికా అటవీశాఖకు చెందిన కార్లోస్ బేట్స్ 1911లోనే గాలికంచెల ప్రభావమును కొలిచి గ్రంథము వెలువరించెను. 1940 తరువాత స్విట్జర్లాండులో నేగెలి యనునతడు పట్టీలకు ముందును వెనుకను దూరదూరముల గాలికొలత యంత్రములను నిలిపి, ఏ రకపు పట్టీ వెనుక గాలి ఎంత దూరము వరకు తగ్గుచున్నదో ఓపికతో కొలిచెను. ఫలితము పెద్దలు తలచినదానికి విరుద్ధముగ వచ్చెను. మిక్కిలి దట్టమైన పట్టీ వెనుక గాలి ఒక్కసారిగ తగ్గును గాని, కొద్దిదూరములోనే మరల పుంజుకొనును. సగము వరకు గాలిని పోనిచ్చు పట్టీ వెనుక తగ్గుదల మొదట అంతగ కనబడదు గాని, చెట్ల ఎత్తునకు ఇరువది రెట్ల దూరము దాటియు కొంత కొంతగ నిలుచును. ముప్పదడుగుల చెట్లయినచో ఆరువందల అడుగుల పొలమునకు చాటు. వెడల్పు సంగతియు అంతే: విశాలమైన అడవి వెనుకకంటె సన్నని పలుచని పట్టీ వెనుకనే చాటు దూరముగ సాగును.

కారణమును పంటకాలువలో చూడవచ్చును. పారు నీటికి అడ్డముగ పలక నిలుపుడు. నీరు పలకపై నుండి దూకి, వెనుక గుండమువలె సుడితిరిగి, పైకి పోయిన నీరు వెంటనే అడుగునకు వచ్చి నేలను కోయును. అదే స్థలమున ఒక తడిక నిలుపుడు. కొంతనీరు సందులనుండి మెల్లగ జారును. పైనుండి పోవు నీరు అడుగునకు దిగబోవగా ఈ మెల్లని నీరు దానిని పైకి నెట్టి దూరము పంపును. సుడి పుట్టదు, పుట్టినను దూరమున పుట్టును. గాలియు అంతే. దట్టమైన గోడ వెనుక గాలి పలుచబడి, పైగాలిని క్రిందికి పీల్చును. ఆకుల నడుమ జల్లింపబడిన గాలియే పైగాలికి మెత్తవలె అడ్డుపడును. ఒక్కొక్క ఆకును, ఒక్కొక్క రెమ్మయును గాలిబలమును కొద్దికొద్దిగ కాజేయును. గోడ దానిని కాజేయదు. ప్రక్కకు త్రోసివేయును, అంతియ.

డెన్మార్కు దేశపు కథ యొకటి ఇక్కడ చెప్పక వీలులేదు. ఆ దేశము 1864 యుద్ధమున దక్షిణపు రాష్ట్రములను పోగొట్టుకొనెను. బయట పోయినది లోపల సంపాదింతమని, 1866లో దాల్గాస్ మొదలగువారు ఒక సంఘముగ చేరి, జట్లండు ప్రాంతపు ఇసుకబీళ్ళలో చెట్లవరుసలు పెంచి సాగునకు తెచ్చిరి. ఆ గాలికంచెల చాటును కొలుచుటకు మార్టిన్ యెన్సెన్ అను ఇంజనీరు గాలిసొరంగములో చిన్న నమూనాలు పెట్టి పరీక్షించెను. సొరంగమున వచ్చిన లెక్కయు పొలములో వచ్చిన లెక్కయు పొసగలేదు. చాలమంది అటువంటప్పుడు పొలమునే తప్పుపట్టుదురు. యెన్సెన్ సొరంగపు నేలను చూచెను. అది నున్నగ ఉన్నది. పొలము నున్నగ నుండదు. నమూనా ఎంత చిన్నదో అంత కొలతకు తగ్గించి నేలను గరుకుచేయగా లెక్కలు కుదిరెను. ఆయన ఈ ఫలితమును 1954లో ప్రకటించెను. నేడు ఎత్తైన భవనములకును వంతెనలకును గాలిపరీక్షలు చేయువారందరు ఈ సూత్రమునే పాటించుచున్నారు. ఇసుకబీళ్ళలోని చెట్లు నేర్పిన పాఠమిది.

చెట్ల ఆకృతి గూడ లెక్కింపదగినది. కొమ్మలు పైననే ఉండి, క్రింద బోదెలు బోసిగ నున్న తోపులో గాలి నేల దగ్గర సందు చూచుకొని దూరును. గుబురు ఉన్నంత ఎత్తున గాలి మందముగ నుండి, దాని క్రింద బోదెల నడుమ మరల వేగముగ పోవుట శాస్త్రజ్ఞులు యంత్రములతో కొలిచిరి. ఎదిగిన కొబ్బరితోటలో ఎండాకాలపు మధ్యాహ్నము పడుకొన్నవారికి యంత్రములతో పనిలేదు. పడుకొనుటకు అది సుఖము. ఇసుకనేలలో పైరునకు అది చేటు, ఏలయన నేలమీది గాలియే ఇసుకను లేపును. కాబట్టి అమెరికావారు తమ పట్టీల అంచున పొదలను గూడ నాటిరి.

ఇట్లు కొలిచి నేర్చుకొనువారు ఒకవైపున ఉండగా, ఇంకొకవైపున ఆజ్ఞచేత చెట్లు పెంచగలమనుకొన్నవారును ఉండిరి. 1948 అక్టోబరులో స్టాలిన్ రష్యా మైదానములకు బ్రహ్మాండమైన అటవీ పథకమును ప్రకటించెను. వేలకొలది మైళ్ళ పట్టీలు. యాబది లక్షల హెక్టార్లకు మించిన నాటుడు. నాటు విధానమును నిర్ణయించు పెత్తనము లైసెంకో యనువానికి దక్కెను. ఒకే జాతి మొక్కలు తమలో తాము పోటీపడవనియు, గుంపుగ నాటినచో బలహీనమైనవి తమంత తాము తప్పుకొని బలవంతులకు తోడ్పడుననియు అతని సిద్ధాంతము. వరినారు పోసినవాడెవడును దీనిని నమ్మడు. కాని నమ్మననుటకు ఆ దినములలో అక్కడ ధైర్యము కావలెను. ఓకు గింజలను గుంపులు గుంపులుగ గుంతలలో నాటిరి. వాటిలో అధికభాగము చచ్చిపోయెను. 1953 మార్చిలో స్టాలిన్ మరణింపగా పథకమును వదలివైచిరి. కామెన్నయా స్టెప్పీ యందలి పాత పట్టీలు మాత్రము ఎవరి ఆజ్ఞతోను నిమిత్తము లేక పెరుగుచుండెను.

ఇంతవరకు చెప్పినది తోపు వెనుక గాలి. తోపు లోపలి గాలి యింకను చిత్రమైనది. దాని జాడ మొదట వరిచేనిలో దొరకినది. ఏపుగ నున్న చేనిపై గాలి వీచునపుడు ఈ గట్టునుండి ఆ గట్టువరకు అలలు పరుగెత్తుట మీరు ప్రతియేడును చూతురు. జపానువారు దానిని హొనామి యందురు. హో యనగా వెన్ను, నామి యనగా అల. ఎయిచి ఇనోయె యను జపాను శాస్త్రజ్ఞుడు 1955లో ఈ యలలను పరిశీలించి, ఇవి పైరులో పుట్టిన అలలు కావనియు, పైరు తలలపై పోవు గాలిసుడుల అడుగుజాడ లనియు చెప్పెను. కంటికి కనబడని గాలి తన ఆకారమును చేనిమీద వ్రాసి చూపుచున్నది. తరువాతివారు కొలిచిచూడగా, పైరు తలపైనున్న గాలి సగటువేగము కంటె ఆ యల వేగము ఎక్కువగ నున్నది. అనగా ఆ సుడులు పైరులోపల పుట్టిన చిల్లర సుడులు కావు. పైనున్న వేగమైన గాలితో కూడి పోవు పెద్దసుడులు.

ఆస్ట్రేలియాలో కాన్బెరా నగరమున రౌపాక్, ఫినిగన్ అను శాస్త్రజ్ఞులును, ఫ్రాన్సు దేశీయుడగు బ్రూనే యనునతడును కలిసి 1996లో దీనికి స్పష్టమైన వివరణ నిచ్చిరి. గోదావరిలో నడిమి పాయ వడిగ పోవును. ఒడ్డుదాపున నీరు మందముగ నుండును. ఈ రెంటి సరిహద్దున వరుసగ సుడిగుండములు పుట్టి సాగిపోవుటను పడవవారెల్ల ఎరుగుదురు. తోపు విషయమున ఆ సరిహద్దు చెట్ల తలలమీద నున్నది. పైన వేగము గల గాలి. లోపల ఆకులు మందగింపజేసిన గాలి. ఈ రెంటి నడుమ, చెట్ల ఎత్తునకు సాటివచ్చు పెద్దసుడులు ఒకదానివెంట నొకటి పుట్టి సాగును. ఒక్కొక్క సుడి ముందరి భాగము పైగాలిని హఠాత్తుగ లోనికి దింపును. తరువాత లోపలి గాలి నెమ్మదిగ పైకి ఎగయును. కనుక తోపులో గాలి సన్నగ నిలుకడగ వీచునని తలచుట పొరపాటు. చాలసేపు నిశ్శబ్దము, అంతలో ఒక దెబ్బ, మరల నిశ్శబ్దము. చింతతోపులో కూర్చున్నప్పుడు దూరమునుండి ఆకుల హోరు వినవచ్చి, దగ్గరకై, తలపై దాటిపోవుట మీకు అనుభవమే. అదియే ఈ సుడి.

దీనివలన ఒక పాతలెక్క తలక్రిందైనది. వేడియు చెమ్మయు ఎప్పుడును ఎక్కువ ఉన్నచోటి నుండి తక్కువ ఉన్నచోటికి మెల్లగ వ్యాపించునని పూర్వులు లెక్కగట్టెడివారు. కాన్బెరా చేరువనున్న యురియారా పైన్ తోటలో డెన్మీడ్, బ్రాడ్లీ యనువారు కొలిచి 1985లో ప్రకటించిన ఫలితము ప్రకారము, తోపులోపల కొన్నిచోట్ల వేడియు చెమ్మయు తక్కువ ఉన్నచోటినుండి ఎక్కువ ఉన్నచోటికి పోవుచున్నట్లు కనబడెను. మాయ యేమియు లేదు. అక్కడి రవాణాను నడుపునది ఇరుగుపొరుగు గాలి కాదు, పైనుండి దిగు పెద్దసుడి. అది తోపులోని గాలిని ఒక్కసారిగ కడిగివేసి పోవును.

చెట్ల ఒత్తును బట్టి ఈ సుడుల స్వభావము మారును. దూరదూరముగ నాటిన తోటలో గాలి నేలవరకు దిగును. ఒక్కొక్క చెట్టు తన వెనుక తన సుడిని తాను వేసికొనును. మిక్కిలి ఒత్తైన తోపులో పైన ఎంత గోల యున్నను నేలదగ్గర నిశ్శబ్దము. నడితరపు తోపులో పెద్దదెబ్బలు లోతుగ దిగును. ఒత్తుగ పెరిగిన తోపును ఒకేయేట సగము నరికి పలుచన చేయుట అందుచేతనే అపాయకరము. దెబ్బలు లోతుగ దిగునట్లు చేసితిమి. వానికి అలవాటుపడని సన్నబోదెలను ఎదుట నిలిపితిమి. నైటుగారి కట్టువడిన ఆపిలుచెట్ల గతియే వానికిని.

1987 అక్టోబరు 16వ తేదీ తెల్లవారుజామున దక్షిణ ఇంగ్లండులో వచ్చిన పెనుగాలికి ఒక్క రాత్రిలో కోటియాబదిలక్షల చెట్లు కూలెను. ఆకులింకను రాలలేదు, నేల వానకు నాని యుండెను. మన విశాఖపట్టణవాసులు 2014 అక్టోబరు 12వ తేదీని మరువలేరు. ఆనాటి హుద్‌హుద్ తుపాను గాలికి నగరములోను చుట్టుప్రక్కలను చెట్లు లెక్కలేనన్ని నేలకొరిగెను; నిలిచిన వానికిని ఆకు మిగులలేదు.

మన తీరములో 19వ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి సరుగుడు తోటలు వ్యాపించినవి. సరుగుడు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరములకు చెందిన చెట్టు. దాని యాకులవలె కనబడునవి సన్నని పచ్చని పుల్లలు. గాలిని ఆపవు, జల్లించును. ఆ తోటలలో ఎడతెగక వినబడు హోరు ఆ జల్లించుటయే. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణములు పోయిన తరువాత, సముద్రపుటంచున సరుగుడు పట్టీలు వేయుట ముమ్మరమాయెను. ఈ విషయమున ఒకమాట నిక్కచ్చిగ చెప్పవలెను. దివిసీమలో ప్రాణములు తీసినది ప్రధానముగ నీరు, గాలి కాదు. చెట్లపట్టీ గాలిని మెత్తబరచును, ఇసుకను నిలుపును, వెనుకనున్న పైరును ఇంటికప్పును కొంతవరకు కాపాడును. మనిషి ఎత్తునకు రెండుమూడు రెట్లు లేచి వచ్చు సముద్రమును సరుగుడు పట్టీ ఆపునని నమ్మి, తుపాను హెచ్చరిక వచ్చినను ఇల్లు కదలనివారు ప్రాణము మీదికి తెచ్చుకొందురు. చెట్లను గొప్పగా పొగడువారు ఈ సంగతిని మరుగుపరచుట నేను చూచియున్నాను. అది చెట్లకును మేలు కాదు.

సరుగుడు వంటచెరకునకు, వాసములకు, కాగితమునకు పనికివచ్చును. గనుక కొన్నియేండ్లకొకసారి నరకక తప్పదు. ఒక ఆసామి తన తోటనంతయు ఒక్కమారుగ కొట్టించినచో, వెనుకనున్న పొరుగువాని తోట నడిమిచెట్లు నాటినుండి అంచుచెట్లగును. మధ్య యూరపువారు గాలికి ఎదురుగా నరకుచు వచ్చు పద్ధతిని పాటించిరని చెప్పితిని గదా. వారికి గాలి ప్రాయికముగ ఒకే దిక్కునుండి వచ్చును. మన తుపానులో అట్లు కాదు. తుపాను కన్ను మన ఊరిమీదుగ పోయినచో, మొదట ఉత్తరపు గాలి గాని ఈశాన్యపు గాలి గాని గంటల తరబడి కొట్టును. కన్ను దాటునంతసేపు నిశ్శబ్దము. ఆ వెంటనే దక్షిణమునుండియో నైరృతి నుండియో అంతే బలముతో ఎదురుదెబ్బ. మొదటి గాలికి వేళ్ళు కదలిన చెట్టు రెండవ గాలికి కూలును. కావున మన తీరపు తోటలో ఒకే యంచును నిలిపిన చాలదు. ఈశాన్యపు అంచును, నైరృతపు అంచును రెంటిని కడపటికి ఉంచుకొని, నడుమ వరుసలను విడతలుగ తీయవలసి యుండును. తోటలు చిన్నచిన్న కమతములుగ నున్న పల్లెలలో ఇది ఒక్కరి వలన కాదు; ఎవరి వరుస ఏ యేట కొట్టవలెనో పొరుగువారు ముందుగ కూర్చుండి మాటలాడుకొనవలెను.